బండ దించే చోట

ఈ ఊరు నాకు ముక్కుతోనే తెలుసు.
పదహారేళ్ళుగా గ్యాసు బండలు మోస్తున్నానండి, అమలాపురంలో.
పేర్లు మర్చిపోతాను, కార్డు నెంబర్లూ మర్చిపోతాను.
గుమ్మంలో బండ దొర్లించగానే
ఎవరిల్లో తాలింపు చెప్పేస్తుంది.

ఎర్ర వంతెన దిగాక రెండో సందు.
సోమిదేవమ్మగారి వసారాలో కత్తి చప్పుడు,
టకటక టకటక,
పనసకాయ పొట్టవుతోంది.
అరచేతులకి నూనె, కత్తికి నూనె, గడపకి జిగురు.
"ఆవ పెట్టలేదింకా, ఓ గంటాగి రావయ్యా" అంటారావిడ.
నేను గంటాగితే పదకొండిళ్ళ పొయ్యిలు ఆగిపోతాయి.
అయినా ఆగిన రోజులున్నాయి.
ఏజెన్సీలో చెప్పకండి.

మస్తాన్‌బీ ఇంట్లో రంజాన్ నెల బండ
పద్దెనిమిదో రోజుకే ఖాళీ.
సేమ్యాలో కొబ్బరిపాలు పోస్తుందావిడ.
కొబ్బరి తగలకుండా
ఏ మతం పండగైనా ఈ కాలవ దాటి రాదు.

గడియార స్తంభం దగ్గర హోటల్‌కి పెద్ద బండ, రోజుకొకటి.
పెసరట్టు మీద ఉప్మా,
ఉప్మా మీద అల్లం పచ్చడి,
ఆ పైన మూడు పార్టీల రాజకీయం.
అట్టు చల్లారేలోపు
ఒక ప్రభుత్వం పడిపోతుంది.

గోదారికి ఎర్రనీరు దిగిన వారం
డాక్టరు గారింటికి వెళ్తే
"అక్కడ పెట్టెయ్, తగిలించకు, ఇవాళ దానితో పన్లేదు" అన్నారు.
పెరట్లో మూడు రాళ్ళు, కొబ్బరి డొక్కలు, మట్టి దాక.
దాకలో పులస.
వండేది ఇవాళ, తినేది రేపు.
ఆ రాత్రి పిల్లిని గదిలో పెట్టి గొళ్ళెం వేశారట.
నేనెప్పుడూ తినలేదండి.
వాసన మాత్రం
పదహారు వానాకాలాలు కడుపారా తిన్నాను.

కాలవ గట్టు మీద నూకాలు బండ
ఐదు నెలలు వస్తుంది.
మొదట్లో పొదుపనుకున్నాను.
ఒకరోజు చూశాను, ఇంటి వెనక నిప్పుల మీద
ఎండు నెత్తళ్ళు చిటపటలాడుతున్నాయి,
పక్కన బొమ్మిడాయిల పులుసు పొంగుతోంది.
"చుట్టాలొస్తే వెలిగిస్తానయ్యా,
నీలం మంట చూడ్డానికి బాగుంటుంది" అంది.

నేను మంటలమ్మేవాణ్ణి.
ఈ ఊళ్ళో మంచి వంటలు చాలా
నా మంట మీద ఉడకవు.

ఇక వీరవేణి సంగతి.
నల్ల వంతెన పక్క తాటాకు పాక,
పొట్టిక్కల కొట్టు.
తెల్లారగట్ల మూడింటికి నాలుగు పనసాకులు కలిపి
చీపురు పుల్లలతో బుట్ట కుడుతుంది.
చూడకుండానే కుడుతుంది, కబుర్లాడుతూ కుడుతుంది,
పక్కింటామెతో గొడవపడుతూ ఇంకా వేగంగా కుడుతుంది.
అందులో మినప్పిండి, కింద డొక్కల మంట,
పైన మూత పట్టనంత ఆవిరి.
మొదటి వాయలో నాకు నాలుగు,
బొంబాయి చట్నీ అడక్కుండానే.
డబ్బులిస్తే తిడుతుంది, ఇవ్వకపోతే రాసుకుంటుంది.

పదేళ్ళు వెంటపడ్డాను కనెక్షన్ తీసుకోమని.
"నీ బండకి పనసాకు వాసన తెలుసా?" అనేది.

మొన్న తనే ఫోన్ చేసింది.
కళ్ళలో పొగ నిలిచిపోయిందట,
బుట్ట కుడుతుంటే పుల్ల వేలిలో దిగుతోందట.
చూడకుండా కుట్టేది అనుకున్నాం కదా,
చూసేది కాబోలు.

బండ దించాను. ట్యూబు బిగించాను.
సబ్బు నురగ పెట్టి లీకు చూశాను.
అగ్గిపుల్ల తనే గీసింది,
మొహం పక్కకి తిప్పుకుని.

మొదటి వాయ. నాలుగు.
ఆకు విప్పితే ఆకుపచ్చ గీతలు, అలాగే ఉన్నాయి.
మెత్తదనం అలాగే ఉంది.
చివర్న నాలిక మీద నిలిచే ఆ చిన్న పొగ,
అదెక్కడా లేదు.

గరిట పట్టుకుని నిలబడింది వీరవేణి,
ఎర్రటి కళ్ళు నా నోటి మీదే పెట్టి.
"ఎలా ఉంది?"

పక్క బల్ల మీద ఇద్దరు తినడం ఆపారు.

"ఇంకో నాలుగు పెట్టు" అన్నాను.
"చట్నీ కాస్త ఎక్కువెయ్యి."